దానియేలు సార్ ఇవ్వని గోల్

మా కోడలు నేత చీరలకు గంజి ఇంట్లోనే పెడుతుంది. బజార్లో దొరికే పొడులంటే ఆమెకు నమ్మకం లేదు. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ బాగా కుదురుతుంది. మొన్న ఒక మధ్యాహ్నం ఆమె వెనక వాకిట్లో బకెట్ ముందు కూర్చుని చీర పిండుతుంటే, పులిసిన గంజి వాసన ముందుగది దాకా వచ్చింది. అక్కడ నేనూ మా మనవరాలు శ్రావణీ టీవీ ముందు కూర్చుని ఉన్నాం. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ నడుస్తోంది. ఎవరో కొట్టిన గోల్ మీద పేచీ వచ్చింది. రెఫరీ చెవి మీద వేలు పెట్టుకుని కాసేపు విన్నాడు, రెండు చేతుల వేళ్ళతో గాలిలో ఒక పెట్టె గీశాడు, గీత అవతలికి పరుగెత్తి అక్కడ పెట్టిన చిన్న తెర ముందు నిలబడ్డాడు. జరిగిపోయిన దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పించుకుని చూస్తున్నాడు. అంతమంది జనం నోళ్ళు మూసుకుని ఆయన వీపు వైపే చూస్తున్నారు.

"గిట్ల చూసుడు మంచిదే కద తాతా? మా కాలేజీల సగం మంది వద్దంటరు. ఆట ఆగిపోతదంట, మజా పోతదంట. నువ్వేమంటవ్?" అంది శ్రావణి.

ఏ విషయమైనా సరే, అడిగీ అడగక ముందే అభిప్రాయం చెప్పేయడం నాకు అలవాటు. ఇంట్లోవాళ్ళు అందుకే నన్ను అడగడం మానేశారు. అలాంటిది ఆ రోజు నా నోరు పెగల్లేదు. ముక్కుకు గంజి వాసన, కంటికి ఆ తెర ముందు వంగి నిలబడ్డ రెఫరీ. ఈ రెండూ కలిసి వస్తే నాకు గుర్తొచ్చే మనిషి ఒక్కరే. ఆయన మా దానియేలు సార్.

కోస్గికి కొంత దూరంలో ఉంటుంది మా ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆయన మా హైస్కూలుకు డ్రిల్ సారుగా వచ్చారు. పుట్టింది ఆత్మకూర్ పక్క పల్లెలో. తల్లీ తండ్రీ పరాయి చేలల్లో కూలి చేసినవాళ్ళు. సార్ మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు, ఫుట్‌బాల్ కూడా అక్కడే నేర్చుకున్నారు. సన్నటి మనిషి. మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, దానికి చెక్కు చెదరని ఇస్త్రీ మడత. రెఫరీగా నిలబడ్డప్పుడు అందరిలాగా విజిల్ నోట్లో కరుచుకుని తిరిగేవారు కాదు. గుప్పిట్లో పట్టుకుని తిరిగేవారు. ఎందుకట్లా అని నేను అడిగితే, "నోట్ల ఉంటే తొందరపడి ఊదుతం బిడ్డా. చేతుల ఉంటే, అది నోటి దాక వచ్చేలోపల జర సోంచాయించుకోవచ్చు" అన్నారు. ఆ కొద్దిపాటి ఆలోచనే ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం. నా స్వభావానికి అది ఎంత అవసరమో మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

మాది సాలోళ్ళ వాడ. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు. నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి మా బాపు మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. బడి మానినా మైదానం మానలేదు. వెలుతురు తగ్గి నూలు పోగులు కనిపించని వేళకు మా వాడ పిల్లలమంతా మగ్గాలు దిగి స్కూలు మైదానానికి పరుగెత్తేవాళ్ళం. దానియేలు సార్ మమ్మల్ని బడి పిల్లలు కాదని ఎప్పుడూ వెళ్ళగొట్టలేదు. నేను ఆడుతుంటే కొన్నాళ్ళు గమనించి, ఒకరోజు దగ్గరికి పిలిచి నా రెండు పిక్కలూ పట్టి చూశారు. "అందరికి ఒక్క కాలే ఆడుతది నర్సింలూ. నీకు రెండూ ఒక్కతీరుగ ఆడుతయ్. మగ్గం తొక్కిన కాళ్ళు గదా!" అన్నారు. అప్పటిదాకా మగ్గాన్ని తిట్టుకుంటూ బతికినవాణ్ణి. ఆ మాట విన్న రాత్రి నాకు నా కాళ్ళ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. ఏదైనా తనకు సరిగా కనబడకపోతే, ఆట ఆపి, ఆ ఆటగాడినే అడిగేవారు. ఒకసారి పెద్ద రైతుల పిల్లల జట్టుతో ఆడుతున్నాం. గోలు ముందు గుంపులో బంతి నా మోచేతికి తగిలి ముందుకు పడింది, నేను దాన్ని గోల్లోకి తోశాను. మా వాడంతా ఎగిరి గంతులేసింది. సార్ నా దగ్గరికి నడిచి వచ్చారు. గుప్పిట్లో విజిల్ గుప్పిట్లోనే ఉంది.

"నర్సింలూ, నాకు అడ్డం మనుషులున్నరు. కనవడలే. చెయ్యి తగిలిందా?"

అంతకన్నా ఒక్క మాట కూడా అనలేదు. బెదిరించలేదు, బుజ్జగించలేదు. నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డారు. అబద్ధం చెప్పడం చాలా సులువు, కానీ నిన్ను నమ్మి నిలబడ్డ మనిషి ముందు ఆ సులువైన పని కష్టమైపోతుంది. "తగిలింది సార్" అన్నాను. ఆయన తలూపి ఆ గోల్ చెల్లదన్నారు. ఆ సాయంత్రం మా వాడలో నన్ను తిట్టనివాళ్ళు లేరు. హరిశ్చంద్రుడికి తమ్ముడు పుట్టాడని వెక్కిరించారు. నేను మాత్రం ఛాతీ విరుచుకునే నడిచాను. ఊళ్ళో పెద్దమనుషులు కూడా ఒకరి మాట ఒకరు నమ్మని చోట, సార్ నా మాట నమ్మి విజిల్ ఊదారు.

ఆ ఏడాది వానలు వెనకబడ్డాయి, జొన్నలు సరిగా పండలేదు, చీరలు కొనేవాళ్ళు లేరు. బాపు నన్ను కూర్చోబెట్టి ఖరాఖండిగా చెప్పాడు. "దసరా పోయినంక ఫైనల్ అంటున్నవు గదా. పాలమూరు నుంచి జిల్లా జట్టుకు పిలగాండ్లను తీసుకపోనీకె పెద్దమనుషులు వస్తరంట. తీసుకపోతే పో, నేను అడ్డం పడ. తీసుకపోకుంటే మాత్రం ఇగ ఆట బంద్. మగ్గం మీద కూసో." అప్పటికి నా వయసు ఇరవై దాటలేదు. జిల్లా జట్టులో చేరినవాళ్ళకు హైదరాబాద్ జట్లలో ఆడే దారి దొరికేది. మంచి కంపెనీల్లో కొలువులు కూడా దొరికేవి. దొరకకపోతే ఎదురుగా మగ్గం గుంట ఉంది. ఫైనల్ ఆత్మకూర్ జట్టుతో, మా మైదానంలోనే. రెఫరీగా దానియేలు సారే ఉండాలని రెండు జట్లూ ఒప్పుకున్నాయి.

అప్పటిదాకా మా మైదానంలో గోలంటే రెండు వేప గుంజలు, పైన అడ్డంగా ఒక వెదురు బొంగు. అంతే. బంతి లోపలినుంచి పోయిందా పక్కనుంచి పోయిందా అని ప్రతి ఆటలోనూ కొట్లాటే. ఫైనల్‌కైనా వల ఉండాలని సార్ అంటే, మా వాడ పెద్దలు పౌరుషానికి వచ్చారు. నూలు చేతిలో ఉండగా సాలోళ్ళు వల కోసం ఎవర్నో అడుక్కోవడమా? దొడ్డు నూలు పేని, అరుగుల మీద కూర్చుని, తెగిన పోగులు అతికే చేతులతో ముడి మీద ముడి వేస్తూ రెండు వలలు అల్లారు. మా బాపు దగ్గరుండి చేయించాడు. అల్లడంతో ఆగితే బాగుండేది. సాలోడి చేతికి నూలు వదులుగా వేలాడితే కంటికి నచ్చదు. మగ్గమెక్కే పడుగు పోగులకు పెట్టినట్టే ఆ వలలకూ గంజి పట్టించారు, కుంచెతో దువ్వి ఎండబెట్టారు. మైదానం పడమటి కొసన గోలు వెనకాలే బడి ప్రహరీ గోడ. వల వెనక్కి జారడానికి జాగా లేదు. అందుకని ఆ కొసన వలను గుంజల వెంబడే, వీధిలో పడుగు సాగదీసినట్టు నలుమూలలా బిగించి కట్టారు. కట్టాక బాపు వేలితో మీటి చూసుకుని మురిసిపోయాడు. సార్ వచ్చి ఒక్కొక్క ముడీ లాగి చూశారు. "పిచ్చుక గూడ దాటది" అన్నారు. వలకు చిల్లులున్నాయా అని అందరం చూశాం. బంతితో కొట్టి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

ఫైనల్ నాడు చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా మైదానం గీతల మీదే ఉన్నారు. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనుషులకు కుర్చీలు వేశారు. మొదటి సగంలో ఆత్మకూర్ వాళ్ళు ఒక గోల్ చేశారు. బంతి మెల్లగా దొర్లుకుంటూ పోయి వల మొదట్లో ఆగింది, దాని మీద ఏ పేచీ లేదు. రెండో సగంలో మేము పడమటి గోలు వైపు ఆడుతున్నాం. ఆట అయిపోవచ్చింది. మా వెనకవాడు కొట్టిన పొడుగు బంతి నా ముందు పడింది. సార్ ఇంకా మైదానం నడుమనే ఉన్నారు, అంత వేగంగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. గోలు కాసే ఆత్మకూర్ గోలీ కుడివైపు ఒరిగాడు. నేను ఎడమకాలితో కొట్టాను. బంతి వెదురు బొంగు కిందినుంచి లోపలికి పోయింది. పోవడం నేను చూశాను. గోలీ తల తిప్పి చూశాడు, వాడూ చూశాడు. ఆ వల తబలా చర్మంలా బిగిసి ఉందేమో, బంతి దానికి కొట్టుకుని పోయిన దారినే వెనక్కి దూకింది. ఆత్మకూర్ ఆటగాడొకడు దాన్ని అవతలికి తన్నేశాడు.

నేను రెండు చేతులూ పైకెత్తి సార్ వైపు తిరిగాను. ఆయన విజిల్ నోటి దగ్గరికి తేలేదు. చేత్తో ఆట సాగనివ్వమని సైగ చేశారు. "సార్! గోల్ సార్!" అని అరుస్తూ పరుగెత్తాను. "బొంగుకు తగిలి తిరిగొచ్చింది నర్సింలూ. కండ్లార చూసిన. ఆడు" అన్నారు. ఆయన గొంతులో అనుమానం లేదు. అనుమానం ఉంటే గోలీని అడిగేవారు, నన్ను అడిగేవారు. గీతల వెంబడి జెండాలు పట్టుకుని ఆయనకు సాయంగా నిలబడ్డ ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. వాళ్ళకూ బంతి వెనక్కి రావడమే కనిపించింది. కాసేపటికి సార్ ఆఖరి విజిల్ ఊదారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మా వాడ జనం ఆయన్ని చుట్టుముట్టారు. "నీ పుట్టినూరోళ్ళకు ఊదినవా సారూ?" అన్నది మా బాపే. దాని వెనకనుంచి ఎవరో ఆయన పుట్టుక గురించి కూడా ఒక మాట అన్నారు. అది నేను రాయను. సార్ ముఖం నల్లబడింది కానీ మాట తడబడలేదు. "నాకు కనవడ్డది చెప్పిన. వేరేది కనవడితే వేరేది చెప్తుంటి" అని, విజిల్ జేబులో వేసుకుని జనం మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయారు. కుర్చీల్లో పెద్దమనుషులు మమ్మల్నొక మూర్ఖుల గుంపుగా చూసి లేచారు. నేను పడమటి గోలు దగ్గర కూలబడి ఏడ్చాను. గోల్ పోయినందుకు కాదు, మగ్గం కోసం కూడా కాదు. ప్రతిసారీ నన్ను అడిగే మనిషి, ఆ ఒక్కసారి ఎందుకు అడగలేదని ఏడ్చాను.

మరునాడు పొద్దు పొడవక ముందే వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టిస్తున్నాం. నేను కుంచె పట్టుకుని పని చేస్తున్నానే గానీ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంతలో దానియేలు సార్ చంకలో బంతి పెట్టుకుని మా వాడ మీదుగా వెళ్తూ కనిపించారు. పడుగు దగ్గర ఒక్క క్షణం ఆగారు. బిగిసి ఉన్న పోగుల మీద వేలితో తట్టి చూశారు. నా వైపు తిరిగి, "జర నాతోటి వస్తవా?" అన్నారు. వెళ్ళకూడదనుకున్నాను. కాళ్ళు వెళ్ళాయి.

మైదానంలో ఎవరూ లేరు. వల ఇంకా విప్పలేదు, మంచు తగిలినా బిగువు తగ్గలేదు. సార్ బంతి నా ముందు పెట్టారు.

"నిన్న నిలవడ్డ జాగలనే నిలవడు. అట్లనే కొట్టు."

"మ్యాచ్ నిన్ననే అయిపోయింది కద సార్" అన్నాను, కావాలనే కటువుగా.

"అయిపోయింది. కొట్టు బిడ్డా."

ఆయన మైదానం నడుమకు వెళ్ళి, నిన్న ఉన్న చోటే నిలబడ్డారు. నేను కోపమంతా కాల్లోకి తెచ్చుకుని కొట్టాను. మొదటిది బొంగు పైనుంచి గోడ దాటింది. సార్ స్వయంగా గోడ ఎక్కి దిగి బంతి తెచ్చారు. మళ్ళీ కొట్టాను. అది బొంగు కిందినుంచి పోయి, వలకు కొట్టుకుని, వెనక్కి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. "మళ్ళ" అన్నారు. కొట్టాను. "మళ్ళ" అన్నారు. ప్రతిసారీ అదే. ఆ తర్వాత ఆయన నన్ను పిలిచి తన చోట నిలబెట్టి, తాను వెళ్ళి బంతి కొట్టారు. నేను చూశాను. నిజం చెప్పాలి కదా, అక్కడినుంచి చూస్తే బంతి బొంగుకు తగిలి వచ్చినట్టే ఉంది. ఆ చోట విజిల్ పట్టుకుని నేనుంటే నేనూ గోల్ ఇచ్చేవాణ్ణి కాదు. నా కోపం అక్కడికక్కడే సగం చల్లారిపోయింది.

సార్ గోలు దగ్గర వల పట్టుకుని నిలబడిపోయారు. కళ్ళల్లో నీళ్ళు. "అది గోలే నర్సింలూ" అన్నారు. అప్పటికి బాపు కూడా కుంచె చేతిలో ఉండగానే వచ్చాడు. జరిగిందంతా చూశాడు. కాసేపు గోడ వైపు చూసి, "తప్పు మాది సారూ. నూలు వదులుగ ఉంటె మా చేతులు ఊకుండవు. నిన్న అన్న మాటలు మనసుల పెట్టుకోకు" అన్నాడు. నా జన్మలో బాపు ఇంకొకరి ముందు తల దించడం అదే చూశాను.

"వల తప్పేమున్నది అన్నా. నేను అడగలే, అది తప్పు" అన్నారు సార్. నా వైపు తిరిగి ఇంకా ఇలా అన్నారు. "అనుమానం వచ్చినప్పుడల్లా అడిగిన, దానికే పెద్ద సత్యవంతుని లెక్క తిరిగిన. నిన్న నాకు అనుమానమే రాలే. అడగాల్సింది గప్పుడే."

ఆ రోజు ఆయన మా ఇంట్లో అన్నం తిన్నారు. అంతకుముందు మా వాడలో చాలా ఇళ్ళు ఆయనకు మంచినీళ్ళు గడప బయటే ఇచ్చేవి, మా ఇల్లు కూడా. మా అవ్వ పీట వేసి, జొన్నరొట్టె మీద ఉల్లికారం పెట్టి, "తిను కొడుకా, నిన్న పొద్దటిసంది ఏం తినలేదంట గదా" అంది. అప్పటినుంచి ఆయన మా ఇంటికి ఎప్పుడు వచ్చినా ఆ పీట మీదే కూర్చున్నారు.

మధ్యాహ్నం బస్సుకు ఆయన నన్ను వెంటబెట్టుకుని పాలమూరు వెళ్ళారు. జట్టును ఎంచే పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, నిలబడే సంగతంతా చెప్పారు. ఆ పెద్దమనిషి మంచివాడే, ఓపికగా విన్నాడు. విని నవ్వాడు.

"దానియేల్, జట్టు నిన్ననే ఖరారైంది. ఇగ మార్చుడు కుదరదు. నువ్వు చెప్పకుంటే ఈ ముచ్చట ఎవరికి తెలుస్తుండె? ఇట్ల తప్పులు చెప్పుకుంట తిరిగితే రేపటి సంది నీ విజిల్ ఎవడు వింటడయ్యా?"

"ఇట్ల చెప్పకుంటే నా విజిల్ నేనెట్ల వినాలె సార్?" అన్నారు దానియేలు సార్.

ఆ పెద్దమనిషి నవ్వు ఆపేశాడు, కానీ మాట మార్చలేదు. ఆ తర్వాత ఏ పెద్ద మ్యాచుకూ దానియేలు సార్‌ను రెఫరీగా పిలవలేదు. అది ఆయనకు ముందే తెలుసు. తెలిసే వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో బస్టాండులో సీతాఫలాలు కొని నా ఒళ్ళో పోశారు. దారంతా ఇద్దరం గింజలు కిటికీలోంచి ఊస్తూ కూర్చున్నాం. ఆఖరికి ఆయనే అన్నారు, "నీ బతుకు ఖరాబు చేసిన బిడ్డా." ఇంకో సీతాఫలం ఒలిచి ఆయన చేతిలో పెట్టాను.

నేను మగ్గం మీద కూర్చున్నాను. బాపు మాట బాపుదే. కొన్నాళ్ళు మైదానం వైపు చూడలేదు. ఒక సాయంత్రం సార్ మగ్గం దగ్గరికి వచ్చి గుంట అంచున కూర్చుని, "ఆడొద్దన్నరు గాని, ఆడించొద్దని అనలే గదా మీ బాపు" అన్నారు. అట్లా ఆయన నాకు రెఫరీ పని నేర్పారు. బంతి వెనక పరుగెత్తకూడదని, బంతి ఎక్కడ పడబోతుందో అక్కడ ముందే ఉండాలని నేర్పారు. ఆటకు ముందు రెండు వైపులా గోలు దగ్గరికి వెళ్ళి వలలోకి బంతి కొట్టి చూడటం మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. కొన్నేళ్ళకు ఆత్మకూర్‌లో ఒక ఆట ఆడించడానికి వెళ్తే, ఆనాటి గోలీ నన్ను గుర్తుపట్టి చాయ్ తాగించాడు. "సార్ అడిగితే చెప్తుంటి అన్నా. ఏసు మీద ఒట్టు. అడుగుతడేమో అని ఆయన దిక్కే చూసిన, అడగలే" అన్నాడు. ఆ మాట నేను సార్‌కు చెప్పలేదు. ఉన్న బాధ చాలనుకున్నాను.

ఆయన్ని ఆటపట్టించడం మాత్రం మానలేదు. "సార్, ఒక్కసారి విజిల్ ఊది గోల్ అనుండ్రి. ఎవరూ వినరు. మీరూ నేనే" అనేవాణ్ణి. "తప్పు నాది, ఒప్పుకున్న. స్కోరు స్కోరే నర్సింలూ. అయిపోయిన మ్యాచుకు విజిల్ ఊదే హక్కు నాకు లేదు" అనేవారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. మొండి మనిషి. ఆ మొండితనాన్నే నేను ప్రేమించాను.

అరవైల చివర్లో ఆయనకు చిట్యాల వైపు బదిలీ అయింది. వెళ్ళే ముందు రోజు సాయంత్రం నేను మగ్గం దిగేసరికి వాకిట్లో నిలబడి ఉన్నారు. చంకలో బంతి. బాపు కూడా చెప్పులు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు, ఇద్దరూ ముందే మాట్లాడుకున్నట్టున్నారు. మైదానంలో పడమటి గోలుకు వల కట్టి ఉంది. అది ఆనాటి వలే. బాపు దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి గంజి అంతా వదిలించాడట. వేప గుంజలను గోడ నుంచి నాలుగు అడుగులు ముందుకు పాతించాడట. వల గాలికి మెల్లగా ఊగుతోంది. జీవితమంతా నూలును బిగించిన మనిషి, చేతులారా దాన్ని వదులు చేశాడు.

సార్ మైదానం నడుమకు నడిచి ఆగారు. నన్ను పాత చోట నిలబడమన్నారు. నాకు అర్థమైంది. "కొట్టు బిడ్డా" అన్నారు. ఎడమకాలితో కొట్టాను. బంతి బొంగు కిందినుంచి పోయి వలలో ఒదిగి, చప్పుడు లేకుండా కిందికి జారింది. వెనక్కి రాలేదు.

సార్ గుప్పిట విప్పారు. విజిల్ నోటి దాకా రావడానికి ఎప్పుడూ పట్టేంత సమయమే పట్టింది. గట్టిగా, పొడుగ్గా ఊదారు. చెయ్యి చాచి మైదానం నడుమకు చూపించారు. గోలు వెనక గోడ దగ్గర నిలబడి మా బాపు చప్పట్లు కొట్టాడు. నేను రెండు చేతులూ పైకెత్తి ఎంతసేపు పరుగెత్తానో నాకే తెలియదు. పెళ్ళై బిడ్డ పుట్టినవాణ్ణి, సిగ్గు లేకుండా పిల్లవాడిలా పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి సార్ ఆ విజిల్‌ను తాడుతో సహా నా చేతిలో పెట్టారు.

"అనుమానం లేనప్పుడు అడుగు" అన్నారు. అంతే.

టీవీలో రెఫరీ తెర ముందునుంచి వెనక్కి వచ్చాడు. చెయ్యి చాచి మైదానం నడుమకు చూపించాడు. జనం హోరెత్తిపోయారు. "గోల్ ఇచ్చిండు తాతా!" అని శ్రావణి ఎగిరి, నా వైపు తిరిగి ఆగిపోయింది. "ఏమైంది, ఏడుస్తున్నవా?"

"మంచిదేరా ఆ తెర" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఆట కొద్దిసేపు ఆగితే ఆగనీ. ఒక పిలగాని బతుకంతా ఆగిపోయే కన్నా అది నయం."

"మరి మీ కాలంల తెర లేకుండె గదా, తప్పు వస్తే ఏం చేస్తుండిరి?"

నేను లేచి, బీరువా తలుపు లోపల మేకుకు వేలాడుతున్న విజిల్ తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాను. తాడు మా మగ్గం మీది నూలే. ఎన్నిసార్లో తెగితే అతికినదే.

"మా సార్ తెల్లారే బాల్ పట్టుకుని వస్తుండె" అన్నాను.